పుట్టుక, ఎదుగుదల, పరిణామం: ఏ మాట ఎక్కడ వాడాలి?

బడిగంట

అందరికీ నమస్కారం. కాకినాడ దగ్గర సముద్రం పక్క ఊళ్లో, ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతి తెలుగులో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంకి వెళ్లే పిల్లల కోసం చిన్న పదాల పుస్తకం తయారుచేస్తున్నాను. మొక్కలు, కణం, రక్తప్రసరణ వరకు సాఫీగా నడిచింది. జీవుల పుట్టుక, పరిణామం పాఠాల దగ్గర ఆగిపోయాను. జవాబు పత్రాల్లో ఇలాంటి వాక్యాలు వస్తున్నాయి:

"గొంగళిపురుగు పరిణామం చెంది సీతాకోకచిలుక అవుతుంది."
"పిండం తల్లి గర్భంలో తొమ్మిది నెలలు పరిణామం చెందుతుంది."
"కోతి వికాసం చెంది మనిషి పుట్టాడు."

ఇవి రాసింది చురుకైన పిల్లలే. మనం వాళ్లకిచ్చిన మాటలే వాళ్లను అటు నడిపిస్తున్నాయని నా బాధ. ఏ మాట ఉంచాలి, ఏది మార్చాలి, ఎక్కడ ఇంగ్లిష్ మాటనే తెలుగు లిపిలో రాసెయ్యాలి? ఆయా పనుల్లో ఉన్నవాళ్లు చెబితే మేలు.

పాత జువాలజీ

టీచర్ గారూ, మీ పిల్లలు రాసిన వాక్యాల్లో వేరువేరు ప్రశ్నలు ఒకే మాట కిందికి వచ్చేశాయి. భూమ్మీద జీవం అసలు ఎలా మొదలైంది? ఇది జీవావిర్భావం. ఒక గుడ్డులోంచి కోడిపిల్ల ఎలా తయారవుతుంది? ఇది పిండాభివృద్ధి. తరాలు గడిచేకొద్దీ ఒక జీవజాతి ఎలా మారుతుంది, ఒక జాతి రెండుగా ఎలా చీలుతుంది? ఇది జీవపరిణామం. మొదటిది 350 కోట్ల ఏళ్లకు పైబడిన సంగతి. రెండోది కోడిగుడ్డులో 21 రోజుల్లో అయిపోతుంది. మూడోదాన్ని రోజుల్లో కొలవం, తరాల్లో కొలుస్తాం.

ఈ చిక్కు ఒక్క తెలుగుకే వచ్చింది కాదు. పరిణామానికి వాడే ఎవల్యూషన్ అన్న ఇంగ్లిష్ మాట కూడా మొదట పిండశాస్త్రానిదే. 18వ శతాబ్దంలో చాలామంది పండితులు అండంలోనో శుక్రకణంలోనో బుల్లి జీవి ముందే తయారై ఉంటుందని, అది విచ్చుకుంటూ పెద్దదవుతుందని నమ్మేవాళ్లు. ఆ విచ్చుకోవడానికే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హాలర్ 1744లో ఈ మాట వాడాడు. జీవజాతుల పుట్టుక మీద 1859లో వచ్చిన డార్విన్ గ్రంథం తొలి ముద్రణలో ఎవల్యూషన్ అన్న మాట కనిపించదు, దాని క్రియారూపం ఒక్కటే పుస్తకం చిట్టచివరి మాటగా వస్తుంది. ఆయన ఎక్కువగా వాడింది "మార్పులతో కూడిన వంశక్రమం" అనే అర్థం వచ్చే మాట. ఎవల్యూషన్ అనే మాట ఆ గ్రంథంలోకి వచ్చింది 1872 నాటి ఆరో ముద్రణలో.

పిల్లలకు ఒక్క సూత్రం చెప్పండి చాలు: ఒక్క జీవి ఎప్పుడూ పరిణామం చెందదు. పరిణామం చెందేది తరతరాల జనాభా. ఒక్క జీవి పుడుతుంది, పెరుగుతుంది, రూపం మార్చుకుంటుంది, చచ్చిపోతుంది.

దర్శనాల దారి

సంస్కృతం వైపు నుంచి ఒక మాట. పరిణామవాదం అనే పేరు మన దగ్గర సాంఖ్య దర్శనంలో ఎప్పటినుంచో ఉంది. పాలు పెరుగైనట్టు కారణమే కార్యంగా మారుతుందని, కార్యం కారణంలో ముందే దాగి ఉంటుందని సాంఖ్యులు అంటారు. దాన్నే సత్కార్యవాదం అన్నారు. డార్విన్ చెప్పింది దీనికి పూర్తిగా వేరు. బాక్టీరియాలో ఏనుగు ముందే దాగి లేదు. కాబట్టి పరిణామం అన్న మాట వినగానే "లోపల ఉన్నది బయటికి రావడం" అన్న భావం చదువుకున్నవాళ్లలోనూ వచ్చేస్తుంది. మరాఠీలో ఉత్క్రాంతి అంటారు, హిందీలో వికాస్. వికాసంలో ఇంకో చిక్కు ఉంది, మెరుగుపడటం అన్న వాసన వస్తుంది. గుహల్లో బతికే చేపలు తరతరాలుగా కళ్లు పోగొట్టుకున్నాయి. అదీ పరిణామమే, వికాసం మాత్రం కాదు.

డెస్క్ నుంచి

పత్రికలో సైన్స్ పేజీ చూస్తాను. పరిణామం మాటను ఇప్పుడు కదిలించొద్దు. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, పోటీ పరీక్షల్లో పాతుకుపోయింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి, ఆ పుస్తకాలతో ఈ మాటలు కొన్ని తరాల విద్యార్థుల నోళ్లలో నలిగాయి. కొత్త మాట పెడితే పిల్లలకు పాతదీ కొత్తదీ రెండూ నేర్చుకోవాల్సిన పని పడుతుంది.

నా అనుభవంలో నామవాచకం ఎక్కడా తప్పు చేయదు, క్రియ దగ్గరే తేడా వస్తుంది. "పరిణామం చెందింది" అని రాసేటప్పుడు కర్త ఎవరో చూసుకోవాలి. గొంగళిపురుగు కర్త అయితే "రూపం మార్చుకుంది". పిండం కర్త అయితే "ఎదిగింది". జాతి కర్త అయితేనే "పరిణామం చెందింది". కోతి, మనిషి విషయంలో అసలు వాక్యమే మార్చాలి: "మనిషికీ చింపాంజీకీ పూర్వీకులు ఒకరే." మన దగ్గర పెదనాన్న పిల్లలు ఒకరి నుంచి ఒకరు పుట్టలేదని ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

పట్టుగూడు

హిందూపురం దగ్గర పట్టుపురుగులు పెంచుతాం. పుస్తకంలో రూపవిక్రియ (ఎదిగే క్రమంలో జీవి రూపం పూర్తిగా మారడం) అని చదివి పరీక్ష రాసినవాణ్నే, ఇప్పుడు అది రోజూ నా కళ్ల ముందు జరిగే పని. మా మాటలు చెబుతాను, పనికొస్తే వాడుకోండి మేడమ్.

గుడ్లు పగిలి వచ్చిన చిన్న పురుగులు చాకీ పురుగులు. ఇప్పుడు చాలామంది చాకీ కేంద్రాల నుంచే తెచ్చుకుంటున్నారు. పురుగు కొన్నాళ్లు తిని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మేము జ్వరం అంటాం. రోగమేమీ కాదు, పాత చర్మం వదిలి కొత్త చర్మం వేసుకునే సమయం. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వెయ్యకూడదు, తట్ట కదపకూడదు. అలా నాలుగు జ్వరాలు దాటితే ఐదో దశ. అప్పుడు తినే తిండి చూడాలి, షెడ్డులో వాన పడుతున్న చప్పుడు వస్తుంది. పుట్టినప్పటి బరువుకు దాదాపు పది వేల రెట్లవుతుంది. పురుగు పండాక ఒళ్లు కాస్త పారదర్శకంగా మారుతుంది, మేత మానేస్తుంది. అప్పుడు చంద్రికల (గూడు కట్టడానికి వాడే తట్టల) మీద వేస్తాం, గూడు కడుతుంది. గూట్లో ప్యూపా, అంటే పురుగుకీ రెక్కల పురుగుకీ మధ్య దశ.

నా సందేహం ఒకటి పాత జువాలజీ సార్‌కి. గూడు కోసి చూస్తే లోపల ప్యూపాకి కాళ్లూ లేవు, పురుగు రూపమూ లేదు. పురుగు మొత్తం కరిగిపోయి మళ్లీ కొత్తగా పుడుతుందా?

పాత జువాలజీ

బాగా అడిగావు బాబూ. మొత్తం కరగదు. రెక్కలకు కావలసిన కణాల ముద్దలు పురుగు ఒంట్లో ముందే చిన్నగా ఉంటాయి. పురుగుగా ఉన్నన్నాళ్లూ అవి పెద్దగా ఎదగవు. లోపల హార్మోన్ల లెక్క మారగానే అవి విజృంభిస్తాయి. పురుగుకు అవసరమై రెక్కల పురుగుకు అక్కర్లేని భాగాలు మాత్రం విచ్ఛిన్నమవుతాయి. నీ పురుగు ఒంట్లో అంత చోటు తీసుకున్న పట్టు గ్రంథులు గూడు కట్టాక అలాగే నశించిపోతాయి. శ్వాసనాళాలు, నాడీ వ్యవస్థ మారుతూనే కొనసాగుతాయి. కాబట్టి ఇది ఒకే జీవి జీవితం, ఒకే జన్యు సమాచారం. రూపవిక్రియ అన్న మాటకు ఇంతకన్నా మంచి వివరణ పుస్తకంలో దొరకదు.

టీచర్ గారూ, "జ్వరం" మాటను మీ పుస్తకంలో నిర్మోచనం (పాత చర్మం విడవడం) పక్కన తప్పకుండా వెయ్యండి.

సీడు లెక్క

మాది తుని వైపు, వనామీ రొయ్యల హేచరీ, గుడ్ల నుంచి రొయ్య పిల్లలను తీసే చోటు. మా దగ్గర ఒక్క తెలుగు మాటా లేదు, అయినా పదో తరగతి తప్పిన కుర్రాడు కూడా దశలన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. గుడ్డు, నాప్లీ, జోయా, మైసిస్, పీఎల్ (పోస్ట్ లార్వా).

నాప్లీ ఏమీ తినదు. ఒంట్లో ఉన్న సొన మీదే బతుకుతుంది. జోయాకి రాగానే ఆల్గే (నీళ్లలో పెరిగే సూక్ష్మమైన నాచు) వెయ్యాలి, ఒక్క పూట ఆలస్యమైనా ట్యాంకు పోతుంది. మాకు అసలు టెన్షన్ ఈ దశ దగ్గరే. తిన్నదా లేదా అన్నది వెనకాల వేలాడే మలం దారం చూసి చెప్పేస్తాం. మైసిస్ తల కిందికి వేసి వెనక్కి ఈదుతుంది. పీఎల్ అయ్యాక రొయ్య రూపం వస్తుంది, అప్పుడు రోజులు లెక్కపెట్టి పీఎల్ 10, పీఎల్ 12 అని అమ్ముతాం. చెరువు రైతులు దాన్నే సీడు అంటారు.

డింభకం అన్న మాట నేను చదువుకున్నప్పుడు విన్నాను, పనిలో ఎవరి నోటా వినలేదు. గుడ్డులోంచి వచ్చి ఇంకా పెద్ద రూపం రాని పిల్లను పిల్లలకి లార్వా అనే చెప్పండి మేడమ్. రేపు వాళ్లలో కొందరు మా దగ్గరికే పనికి వస్తారు.

పాత జువాలజీ

సీడు లెక్క గారూ, మీ ట్యాంకుల్లోని నాప్లీకి పరిణామ సిద్ధాంత చరిత్రలో పెద్ద స్థానం ఉంది. ఫ్రిట్జ్ ముల్లర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త బ్రెజిల్ తీరంలో స్థిరపడి రొయ్యల జాతి జీవుల పిల్లలను పరిశీలించాడు. అక్కడి ఒక రొయ్య కూడా నాప్లియస్ (మీ నాప్లీ) రూపంలోనే మొదలవుతుందని చూశాడు. 1864లో డార్విన్‌కు మద్దతుగా ఆ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు.

దీనికి ముందు కథ ఇంకా బాగుంటుంది. పడవల అడుగుకు, రేవు స్తంభాలకు అంటుకుని రాళ్లలా ఉండే తెల్లటి గుల్లలు చూసే ఉంటారు. వాటిని బార్నకిల్స్ అంటారు. గుల్ల ఉంది కాబట్టి వాటిని నత్తలు, ఆల్చిప్పల పక్కన పెట్టారు. 1830లో జాన్ వాన్ థామ్సన్ వాటి లార్వాలను నీళ్లలో ఈదుతుండగా పట్టి చూసి, ఇవి రొయ్యలు, పీతల బంధువులని తేల్చాడు. పెద్దయ్యాక ఒకదానికొకటి పోలికే లేని జంతువులు లార్వాగా ఉన్నప్పుడు ఒకేలా ఉన్నాయి. డార్విన్ ఆ బార్నకిల్స్ మీదే 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. పిండాభివృద్ధి, పరిణామం వేరువేరు విషయాలని పైన చెప్పాను. ఆ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పేది ఇక్కడ.

లేబర్ రూమ్

నర్సుని. మనుషుల విషయానికి వస్తే మాటలు మన దగ్గర నిండుగా ఉన్నాయి, పుస్తకాలే వాటిని పక్కన పెట్టాయి. ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు. "ఉమ్మనీరు తగ్గింది" అంటే గర్భిణికీ అర్థమవుతుంది, వాళ్ల అత్తగారికీ అర్థమవుతుంది. ఉల్బక ద్రవం అంటే డాక్టర్ గారికి కూడా ఒక్క క్షణం పడుతుంది. జరాయువు అన్న మాట పరీక్ష కోసం నేర్చుకోవాలి సరే, పక్కనే మాయ అని కూడా రాయండి. గేదె ఈనినప్పుడు "మాయ పడిందా" అని అడగని ఇల్లు పల్లెల్లో ఉండదు.

పిండం, భ్రూణం తేడా మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. ఫలదీకరణ అయిన దగ్గర్నుంచి ఎనిమిది వారాల వరకు పిండం, ఆ తర్వాత ప్రసవం దాకా భ్రూణం. ఆ ఎనిమిది వారాల్లోనే గుండె, మెదడు, చేతులు, కాళ్లు వంటి ముఖ్య అవయవాలకు పునాది పడుతుంది. తర్వాత జరిగేది ఎక్కువగా పెరగడం, పరిపక్వం కావడం. మందుల విషయంలో మొదటి నెలల్లో అంత జాగ్రత్త చెప్పేది అందుకే. ఇంకో తిరకాసు ఉంది. ఆసుపత్రిలో వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. కాబట్టి స్కానింగ్ కాగితంలో పది వారాలంటే, పిండానికి అసలు వయసు దాదాపు ఎనిమిది వారాలు. పిల్లలకు ఇది చెప్పకపోతే పుస్తకం ఒకటి, అక్క రిపోర్టు ఇంకొకటి చెబుతున్నట్టు కనిపిస్తుంది.

భ్రూణం మాట జనానికి కొత్త కాదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం తర్వాత భ్రూణహత్యలు నేరం అన్న రాతలు అంతటా కనిపిస్తున్నాయి.

దర్శనాల దారి

లేబర్ రూమ్ అమ్మా, గర్భోపనిషత్తులో ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, పక్షం లోపల పిండం అని వరస ఉంది. పిండం మాట ఎదిగే గర్భానికి ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

లేబర్ రూమ్

మాట పాతదే అండీ, కాదనను. ఆ రోజుల లెక్కను మాత్రం ఇప్పటి దశలకు అతికించొద్దని మనవి. పక్షం రోజులకు ఉండేది గర్భాశయం గోడలో అప్పుడప్పుడే కుదురుకుంటున్న కణాల బిళ్ల. పిల్లలు రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి.

ఇంటర్ బైపీసీ

నేను స్టూడెంట్‌ని. మా తాతయ్య జీవులు నాలుగు రకాలు అంటారు: జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు. చెమటలోంచి పేలు పుడతాయట. సైన్స్‌లో కూడా మొదటి జీవి నిర్జీవ పదార్థం నుంచే వచ్చింది అంటున్నారు కదా. రెండూ ఒకటే అవుతాయా?

పాత జువాలజీ

ఒకటి కావమ్మా. పుట్టే తీరును బట్టి జీవులను విడదీయాలన్న ఆలోచన మంచిదే. మాయతో పుట్టేవి, గుడ్డుతో పుట్టేవి, నేల చీల్చుకుని మొలిచేవి, ఈ మూడూ చక్కగా చూసి పెట్టిన పేర్లు. స్వేదజాల దగ్గర మాత్రం కంటికి కనిపించని గుడ్లు లెక్కలోకి రాలేదు. యూరప్‌లోనూ ఇదే నమ్మకం ఉండేది. కుళ్లిన మాంసంలోంచి పురుగులు పుడతాయనుకునేవాళ్లు. 1668లో ఇటలీలో రెడి అనే వైద్యుడు మాంసం జాడీలకు పల్చటి గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు రాదని చూపించాడు. 1860ల మొదట్లో పాశ్చర్ హంస మెడలాంటి గొట్టం ఉన్న గాజు పాత్రల్లో ద్రావణం కాచి పెట్టి, సూక్ష్మజీవులు కూడా వాటంతట అవి పుట్టవని తేల్చాడు.

వాళ్లు కాదన్నది ఇవాళ, నిన్న, మన వంటింట్లో జీవం కొత్తగా పుట్టడాన్ని. జీవావిర్భావం అడిగేది, ఆక్సిజన్ దాదాపు లేని తొలినాటి భూమ్మీద, కోట్ల ఏళ్ల వ్యవధిలో రసాయనాలు జీవంగా ఎలా కుదిరాయని. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండ్‌లో హాల్డేన్ విడివిడిగా ఈ ఆలోచన చెప్పారు. 1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి విద్యుత్ మెరుపులు పంపితే కొద్ది రోజుల్లోనే అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. అమైనో ఆమ్లాలు జీవం కాదు, దానికి కావలసిన సరుకు. అక్కడి నుంచి మొదటి కణం దాకా దారి ఇంకా పూర్తిగా తెలియలేదు, దాని మీద పని నడుస్తూనే ఉంది.

బడిగంట టీచర్ గారూ, ఆ హాల్డేన్ మీ కాకినాడకు సంబంధం ఉన్న మనిషి. 1957లో భారతదేశం వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పాఠంలో ఆయన పేరు వచ్చినప్పుడు మీ పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

పత్తిచేను

వరంగల్ దిక్కు నుంచి రాస్తున్న. మేడమ్, ఒక్క మాట మీద మీ అందరి దృష్టి పడాలె. "పురుగు మందుకు అలవాటు పడ్డది." మా దగ్గర ప్రతి రైతు, మందుల షాపులోళ్లు, ఆఖరికి టీవీలోళ్లు కూడా ఇట్లనే అంటరు. గులాబీ రంగు పురుగు బీటీ పత్తికి (పురుగును చంపే విషం తనలోనే తయారయ్యేటట్టు జన్యువు పెట్టిన పత్తి) అలవాటు పడ్డదని.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసిన. ఏ పురుగూ అలవాటు పడలే. బీటీ ఆకు, కాయ తిన్న పురుగుల్ల దాదాపు అన్నీ చచ్చినయ్. పుట్టుకతోనే తట్టుకునే గుణం ఉన్న ఏ కొన్నో మిగిలినయ్. వాటికి వాటికే జత కుదిరింది, పిల్లలకు ఆ గుణం పోయింది. 2002ల బీటీ పత్తికి పర్మిషన్ వచ్చింది, 2006ల రెండు బీటీ జన్యువులున్న రకం వచ్చింది. ఆ రెండింటినీ తట్టుకునే పురుగు ఇయ్యాల మా చేన్లల్ల ఉన్నది. బీటీ గింజలతో పాటు ఇచ్చిన నాన్ బీటీ గింజలు చేను చుట్టూ వేయమన్నది ఎందుకంటే, అక్కడ మామూలు పురుగులు బతికి, తట్టుకునే పురుగులతో జతకట్టాలని. "అలవాటు" అనుకున్నోళ్లకు ఆ గింజలు ఎందుకో అర్థం కాలే, పక్కన పడేసిన్రు. మాట తప్పయితే చేను పోతది సార్.

డెస్క్ నుంచి

పత్తిచేను అన్నా, ఈ వాక్యం మా పేజీలో ఇక రానివ్వను. "తట్టుకునే పురుగులే మిగిలాయి" అని రాస్తే సరిపోతుంది.

ప్రకృతి వరణం గురించి కూడా చెప్పాలి, అంటే పరిస్థితులను తట్టుకున్నవే మిగిలి, ఆ గుణం పిల్లలకు పోవడం. వరణం అనగానే స్వయంవరం గుర్తొస్తుంది, ఎంచుకునేవాళ్లు ఎవరో ఉన్నారనిపిస్తుంది. డార్విన్‌లాగే విడిగా ఈ ఆలోచనకు వచ్చిన వాలెస్ 1866లో ఇదే అభ్యంతరంతో ఆయనకు ఉత్తరం రాశాడు. దానికి బదులు తత్వవేత్త స్పెన్సర్ వాడిన మాట తీసుకోమన్నాడు. మన పుస్తకాల్లో "యోగ్యతమాల సార్థక జీవనం" అని ఉన్నది అదే. దాన్ని పిల్లలు "బలవంతుడిదే రాజ్యం" అని అర్థం చేసుకుంటారు. పత్తి పురుగులో మిగిలినవి బలమైనవేం కావు, ఆ ఒక్క విషాన్ని తట్టుకున్నవి, అంతే. ప్రకృతి వరణం మాటే ఉంచి, పక్కన ఈ పత్తి పురుగు కథ వేస్తే చాలనుకుంటాను.

పుంగనూరు

జాతి అన్న మాట కూడా సర్దాలి. ఒంగోలు జాతి, పుంగనూరు జాతి అంటాం. ఆ లెక్కన అవి రెండు వేరువేరు జీవజాతులని పిల్లలు అనుకుంటారు. రెండూ ఒకే జీవజాతిలోని పశువులు, మనుషులు ఎంపిక చేసి పెంచిన రకాలు. ఒంగోలు పశువులు బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ పేరుతో మాంసం కోసం ఎంపికై పెరిగాయి. గుర్రం, గాడిద వేరు జాతులు. వాటికి పుట్టే కంచరగాడిదకు మామూలుగా పిల్లలు కలగవు. సైన్స్ పుస్తకంలో ఎప్పుడూ "జీవజాతి" అని, పశువులకు "రకం" అని రాస్తే గొడవ ఉండదు.

బడిగంట

అందరికీ ధన్యవాదాలు. ఉమ్మనీరు, మాయ, జ్వరం అసలు పదాలుగా వేస్తున్నాను, పరీక్ష మాటలు పక్కన చిన్న అక్షరాల్లో. లార్వా, ప్యూపా, మ్యుటేషన్ (జన్యువులో వచ్చే మార్పు) అలాగే ఉంటాయి. మ్యుటేషన్‌కు పుస్తకాల మాట ఉత్పరివర్తనం ఒక్కసారి చూపిస్తాను. "అలవాటు పడింది" వాక్యానికి ఒక పేజీ పూర్తిగా ఇస్తున్నాను పత్తిచేను గారూ.

సీడు లెక్క గారూ, పిల్లలను మీ హేచరీకి తీసుకురావచ్చా? నాప్లీని వాళ్లు కళ్లారా చూడాలి.

సీడు లెక్క

లోపలికి మాత్రం రానివ్వరు మేడమ్, రోగాలు వస్తాయని బయటివాళ్లను ట్యాంకుల దగ్గరికి పంపరు. నేనే తెస్తాను. నాప్లీ దశ రెండు రోజులకు మించదు కాబట్టి, గుడ్లు పొదిగిన రోజున మీకు ఫోన్ చేసి, సాయంత్రానికి సముద్రపు నీళ్లలో ఒక బీకరు పట్టుకొస్తాను. గది చీకటి చేసి బీకరుకు ఒక పక్క టార్చి పెట్టండి, నాప్లీ మొత్తం వెలుతురు వైపు చేరుకుంటాయి. మేము ట్యాంకులో మంచివాటిని ఏరేది కూడా అలాగే. ఇంకు ఫిల్లరుతో అక్కడినుంచి ఒక చుక్క తీస్తే చాలు. మీ స్కూల్లో మైక్రోస్కోపు పని చేస్తోందో లేదో ముందే చూసి పెట్టండి.